మనుషుల లెక్క తేలాకే నాటకాల లెక్క: మా సమాజం కొత్త సీజన్ మీద ఒక కేస్ స్టడీ

పోయిన సీజన్‌కి మేం నాలుగు నాటకాలు ప్రకటించాం. ఆడినవి మూడు. ఆ మూడింట్లో ఒకటి ఆడకుండా ఉంటేనే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

మాది పగలంతా ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం నాటకాలు ఆడుకునే ఔత్సాహిక సమాజం. నేను దర్శకుణ్ణి. మూడేళ్లుగా సీజన్ ప్లానింగ్ కూడా నా నెత్తినే ఉంది, కాబట్టి కింద రాసిన తప్పుల్లో సగానికి పైగా నావే. వచ్చే సెప్టెంబరులో మొదలయ్యే సీజన్‌ని ఎలా కట్టుకున్నామో, ఏ నాటకాలు ఎందుకు వదిలేశామో, ఇంకా ఎక్కడ గుండె దడగా ఉందో రాస్తున్నాను. తెర ఇంకా లేవలేదు కాబట్టి ఫలితం ఏమిటని అడక్కండి.

ప్రాంప్టర్ నోటుబుక్కు

రంగం మీద మర్చిపోయిన మాట పక్కనుంచి అందించే మా ప్రాంప్టర్‌కి ఒక మంచి అలవాటుంది. ప్రతి రిహార్సల్‌కి ఎవరొచ్చారు, ఎన్నింటికి వచ్చారు అని ఒక నోటుబుక్కులో రాసిపెడతాడు. రెండేళ్లపాటు దాన్ని ఎవరూ తెరిచి చూడలేదు. సీజన్ అయిపోయాక, ఎవరి వల్ల పాడైంది అని మీటింగులో గొంతులు లేస్తుంటే, అతను ఏమీ మాట్లాడకుండా ఆ పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ఆగిపోయిన నాటకానికి మేం పెట్టుకున్నది 36 సాయంత్రాలు. వారానికి మూడు, పన్నెండు వారాలు, రోజుకి రెండు గంటలు. వేషాలు 11. పదకొండు మందీ ఒకేసారి గదిలో ఉన్న సాయంత్రాలు మాత్రం 7. అంటే కాగితం మీద 72 గంటలు, చేతికొచ్చింది 14. మిగతా 29 రోజులూ వచ్చినవాళ్లతో ‘ఉన్నంతవరకు లాగిద్దాం’ అని లాగించాం. రానివాళ్ల డైలాగులు ప్రాంప్టర్ చదివాడు. నిజం చెప్పాలంటే ఆ నాటకంలో అందరికంటే బాగా తయారైంది మా ప్రాంప్టరే.

ప్రదర్శనకి మూడు వారాల ముందు ప్రధాన పాత్ర వేసేవాడికి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. బ్యాంకు ఉద్యోగం, వెళ్లక తప్పదు. నాటకం ఆగిపోయిందంటే అందుకేనని ఊరంతా చెప్పుకున్నాం. పుస్తకంలో వెనక్కి పేజీలు తిప్పితే తెలిసిందేమిటంటే, రెండేళ్లలో మూడు ట్రాన్స్‌ఫర్లు, రెండు పెళ్లిళ్లు, ఒక కాన్పు, ఒక కాలు విరగడం. ప్రతి సీజన్‌లోనూ ఇలాంటిది ఏదో ఒకటి ఉంటుంది. ఉంటుందని తెలిసీ దానికి ఏర్పాటు చేసుకోకపోవడం మా తప్పు. ట్రాన్స్‌ఫర్ వేసిన బ్యాంకుది కాదు.

ఆలస్యాల జాబితా కూడా వేశాం. ఎక్కువసార్లు ఆలస్యంగా వచ్చినవాడి పేరు చూసి నేనే పుస్తకం మూసేశాను. ఆ పేరు నాదే.

ఆ పుస్తకంలోనే కనిపించింది ఇంకోటి. దీని గురించి మీటింగులో ఎవరూ ఎత్తలేదు కూడా. మా రిజిస్టర్లో 34 పేర్లున్నాయి. ఏడాదిలో నెలకి ఒక్కసారైనా మొహం చూపించినవాళ్లు 19 మంది. వాళ్లలో ఆడవాళ్లు ఆరుగురు. పోయిన సీజన్ నాటకాలన్నీ కలిపితే స్త్రీ పాత్రలు ఐదు. అందులో రెండు, తలుపు తీసి ఎవరొచ్చారో చెప్పి లోపలికి వెళ్లిపోయే వేషాలు. ఉన్న ఒక్క మంచి పాత్రకి ‘అనుభవం కావాలి’ అని బయటి ఊరి నుంచి లేడీ ఆర్టిస్టుని పిలిపించాం. ఆమె మూడు రిహార్సల్స్‌కి వచ్చింది, డైలాగు పొల్లుపోకుండా చెప్పింది. కానీ మావాళ్లంతా ఒక నాటకం ఆడుతుంటే ఆమె పక్కనే ఇంకో నాటకం ఆడినట్టుంది. ఆమెని అనడానికి లేదు, ఆ నెలలో ఆమె చేతిలో ఇంకా మూడు సమాజాల నాటకాలున్నాయి. మా ఆరుగురిలో నలుగురు ఆ సీజన్ మధ్యలోనే రావడం తగ్గించేశారు. ఎందుకు రావట్లేదని మేం అడగలేదు. పుస్తకం చూశాక అడగాల్సిన అవసరమూ కనిపించలేదు.

ఎవరి సాయంత్రాలు ఎన్ని

ప్రతి ఏడాదీ మేం చేసేది ఇది: మే నెలలో కూర్చుని, నచ్చిన నాటకాల పేర్లు రాసుకుని, ఓటేసి, తర్వాత వేషాలకి మనుషుల్ని వెతకడం. ఈసారి వరస తిప్పేశాం. ముందు మనుషులు.

పందొమ్మిది మందినీ ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడిగాను. మీటింగులో అడిగితే లాభం లేదు. అందరి ముందూ ఎవరైనా ‘వస్తా సార్, రోజూ వస్తా’ అనే అంటారు. విడిగా అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. వారానికి ఎన్ని సాయంత్రాలు, ఏయే వారాలు? ఏ నెలలో అసలు కుదరదు? వేషమే కావాలా, లైట్ల దగ్గరో మేకప్ దగ్గరో ఉంటారా? పెద్దవాళ్లని ఇంకోటి కూడా అడిగాను: ఎన్ని పేజీలు కంఠతా పట్టగలరు? ఈ ప్రశ్నకి ఒకాయనకి కోపం వచ్చింది. ఆ సంగతి చివర్లో.

వారానికి మూడు సాయంత్రాలు ఇవ్వగలిగినవాళ్లు నలుగురు. రెండు ఇవ్వగలిగినవాళ్లు తొమ్మిది మంది. ఒకటే అన్నవాళ్లు ఆరుగురు. పన్నెండు, పద్దెనిమిది, ఆరు కలిపితే వారానికి 36. ఒక మనిషి, ఒక సాయంత్రం అనే లెక్కలో మా సమాజం మొత్తం ఆస్తి అంతే.

ఇప్పుడు పోయిన సీజన్ నాటకాన్ని ఈ త్రాసులో పెట్టండి. 11 మంది, వారానికి మూడు రోజులు: 33. ఉన్నదంతా అదొక్కటే తినేసింది. దాని మీద ఐదు వారాలపాటు ఇంకో నాటకం రిహార్సల్స్ కూడా నడిపాం. శ్రద్ధ లేదు, క్రమశిక్షణ లేదు అని ఒకళ్లనొకళ్లం తిట్టుకున్నాం గానీ, అసలు అక్కడ లేనివి సాయంత్రాలు.

అందుకని ఒక హద్దు పెట్టుకున్నాం. ఏ వారంలోనైనా వాడేది 26కి మించకూడదు. మిగతా పదీ జ్వరాలకి, పెళ్లిళ్లకి, ఆఫీసులో ఆడిట్లకి. ఈ పది దగ్గరే మా కమిటీలో పెద్ద వాదన నడిచింది. ఖాళీగా ఎందుకు వదలాలి, ఇంకో నాటిక పెట్టొచ్చు కదా అన్నారు. నేను ఒప్పుకోలేదు.

లిస్టులోంచి జారిపోయినవి

పరిశీలనకి పద్నాలుగు పేర్లు వచ్చాయి. కొన్నింటిని ఐదు నిమిషాల్లో పక్కన పెట్టాం. రెండింటి దగ్గర మాత్రం చాలాసేపు ఆగాం.

ఒకటి ఆత్రేయ గారి ‘ఎన్.జీ.వో.’ (నాన్ గెజిటెడ్ ఆఫీసర్). మా సమాజంలో గుమస్తా ఉద్యోగాలు చేసినవాళ్లే ఎక్కువ, ఆ నాటకం అందరికీ ప్రాణం. కానీ ఆయన పోయింది 1989లో. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి, అంటే 2049 చివరి దాకా. ‘మనం ఔత్సాహికులం, మనకి పర్మిషన్ అక్కర్లేదు’ అని మాలో చాలామంది నమ్మకం. అది సగం నిజం. 1957 చట్టంలో 52వ సెక్షన్ ఔత్సాహిక సమాజాలకి ఒక వెసులుబాటు ఇచ్చింది గానీ, డబ్బు తీసుకోకుండా ప్రేక్షకుల్ని రానిస్తేనే, లేదా మత సంస్థ సహాయార్థం ఆడితేనే అది వర్తిస్తుంది. మేం సీజన్ పాస్ అమ్ముతాం. దాన్ని టికెట్ అనకుండా ‘విరాళం’ అని రాస్తే సరిపోతుందని ఒకరు సలహా ఇచ్చారు. హాలు గుమ్మంలో పాస్ చూపించనిదే లోపలికి పంపనప్పుడు దాని మీద ఏం రాస్తే ఏం లాభం? హక్కుదారుల్ని కనుక్కుని, రాతపూర్వకంగా అడిగి తెచ్చుకునేంత వ్యవధి ఈసారి లేదు. వచ్చే ఏటికి ఇప్పుడే మొదలుపెట్టాం.

రెండోది కాళ్లకూరి నారాయణరావు గారి ‘వరవిక్రయం’. ఆయన 1927లో పోయారు, హక్కుల గొడవ లేదు. కట్నం మీద నాటకం, ఆడవాళ్లకి మంచి పాత్రలున్నాయి. నా ఓటు దానికే. కానీ అందులో పద్యాలున్నాయి. శ్రుతి మీద నిలబడి పద్యం ఎత్తగలిగినవాళ్లు మా దగ్గర ఒక్కరే. పద్యాలు తీసేసి ఆడదాం అన్నారు. పద్యం కోసం వచ్చే ప్రేక్షకుడు మా ఊళ్లో ఇంకా ఉన్నాడు, అతన్ని మోసం చేయడం నాకు ఇష్టం లేదు. నా ఓటు నేనే వెనక్కి తీసుకున్నాను.

మొదటి తెర: రెండు రష్యన్ ఏకాంకికలు

సెప్టెంబరుకి చెహోవ్ రెండు నాటికలు, ‘ఎలుగుబంటి’, ‘పెళ్లి ప్రస్తావన’. రెండింట్లోనూ ముగ్గురేసి మనుషులు. ఒకదాంట్లో విధవరాలు, అప్పు వసూలుకి వచ్చిన భూస్వామి, ముసలి నౌకరు. ఇంకోదాంట్లో తండ్రి, కూతురు, పెళ్లి మాటాడటానికొచ్చి పొలం తగాదాలో ఇరుక్కుపోయే కుర్రాడు. ఆరుగురికీ వారానికి రెండేసి సాయంత్రాలు: 12. రెండు గదులుంటే రెండు ముక్కలూ ఒకే సాయంత్రం విడివిడిగా నడుస్తాయి. ముగ్గురిలో ఒకరు రాకపోతే ఆ రోజు ఆ ముక్క పోతుంది, రెండోది ఆగదు.

చెహోవ్ 1904లో పోయాడు కాబట్టి హక్కులు లేవు అనుకుని ముందుకెళ్లబోయాం. మాకెవరికీ రష్యన్ రాదు, ఇంగ్లిష్ నుంచే తెలుగు చేయాలి. ఆ ఇంగ్లిష్ అనువాదానికి విడిగా కాపీరైట్ ఉంటుంది. మా సభ్యుడు మొదట తెచ్చిన పుస్తకం ఈమధ్య వచ్చిన అనువాదం. దాన్ని పక్కన పెట్టించి, 1916లో వచ్చిన జూలియస్ వెస్ట్ అనువాదం తీసుకున్నాం. వెస్ట్ 1918లోనే పోయాడు. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోకపోతే సెప్టెంబరు పోస్టర్ మీద మా పేరుతో పాటు ఒక తప్పు కూడా అచ్చయ్యేది.

తెలుగు చేయడంలో ఇంకో తమాషా. ‘పెళ్లి ప్రస్తావన’ని తెలుగు పల్లెటూరికి మార్చేస్తే హాయిగా సరిపోతుంది. గట్టు తగాదా మనకి ఒకరు నేర్పాలా! మా సభ్యుడు అలాగే మార్చి రాసుకొచ్చాడు, చదువుతుంటే అందరూ నవ్వారు. ‘ఎలుగుబంటి’ దగ్గర ఇరుక్కుపోయాడు. అందులో విధవరాలు, అప్పులవాడు పిస్తోళ్లతో ద్వంద్వ యుద్ధానికి సిద్ధమవుతారు. దానికి మన దగ్గర జోడీ లేదు. ఒకటి తెలుగూ ఒకటి రష్యనూ ఒకే సాయంత్రం పెడితే విరామంలో ప్రేక్షకుడు ఏ ఊరు నుంచి ఏ ఊరు వచ్చాడో తెలీక తికమకపడతాడు. రెండింటినీ రష్యాలోనే ఉంచాం. పేర్లు మాత్రం మనిషికి ఒకటి, లోమోవ్, నటాల్యా, పోపోవా, అంతే. తండ్రి పేరుతో కలిపి పిలిచే రష్యన్ పద్ధతి వదిలేశాం. మాట మాత్రం మన వాడుక మాట. తగాదాపడే ‘ఎద్దుల బీడు’ అలాగే ఉంది, చివర్లో కుక్కల గొడవా ఉంది.

మొదటి తెలుగు ప్రతి మరీ పుస్తక భాషలో ఉండేది. ‘మీరు నన్ను అవమానపరచుచున్నారు’ అని అరుస్తూ ఎవరూ పోట్లాడరు. నటీనటులకి కాగితం లేకుండా సీను చెప్పి, మీ ఇంట్లో ఎలా గొడవపడతారో అలా పడండి అన్నాం. వాళ్లు అన్న మాటల్ని అనువాదకుడు పక్కన కూర్చుని రాసుకున్నాడు. రెండు సాయంత్రాలు పట్టింది. అతనికి కొంచెం నొప్పి కలిగిన మాట నిజమే.

డిసెంబరు: కన్యాశుల్కం

ఈ నాటకాన్ని నేను వద్దన్నాను. 26 హద్దు పెట్టుకున్నవాడు ఏడంకాల నాటకం ఎలా ఎత్తుకుంటాడు? 1892లో విజయనగరంలో తొలిసారి ఆడారు, 1897లో అచ్చయింది, గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. మనమంతా కన్యాశుల్కం అనేది ఆ రెండో కూర్పునే. ఆయన పోయింది 1915లో, హక్కుల సమస్య లేదు. ఉన్న సమస్యల్లా దాని పొడవు. మొత్తం గట్టిగా చదవడానికే మాకు నాలుగు సాయంత్రాలు పట్టింది.

నా మనసు మార్చింది మా కోశాధికారి. ఆవిడ దగ్గర పోయిన మూడు సీజన్ల పాస్‌ల చిట్టా ఉంది. ఏ పోస్టర్‌కి ఎంతమంది వచ్చారని కాకుండా, ఎవరి ద్వారా ఎన్ని పాస్‌లు వెళ్లాయి అని చూసింది. నలుగురు ఆడిన నాటకానికి హాలు సగం కూడా నిండలేదు. పద్నాలుగు మంది ఆడినదానికి కుర్చీలు చాలలేదు. ఆ నలుగురి నాటకమే బాగుందని నేను ఇప్పటికీ అంటాను, కానీ ఒక్కో ఆర్టిస్టు వెనక ఒక ఇల్లు, ఒక ఆఫీసు, ఒక వీధి కదిలొస్తాయి. మాలాంటి సమాజానికి ఏడాదికొక్కటైనా ఎక్కువమంది ఉన్న నాటకం లేకపోతే చిన్న నాటకాలకి ప్రేక్షకుడు మిగలడు.

సరే, ఎక్కువమంది ఉన్నా అందరూ ఒకేసారి అక్కర్లేని నాటకం కావాలి. అప్పుడు సీన్ చార్ట్ వేశాను. అడ్డంగా పాత్రలు, నిలువుగా సీన్లు, ఎవరున్న గడిలో వాళ్లకి టిక్కు. వేస్తూ వేస్తూ ఉంటే నాటకం దానంతటదే రెండుగా విడిపోయింది. కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు ఇల్లు: ఆయన, వెంకమ్మ, బుచ్చమ్మ, వెంకటేశం, అక్కడికి చేరిన గిరీశం. రామచంద్రపురం అగ్రహారంలో లుబ్ధావధాన్లు, మీనాక్షి, రామప్పంతులు, మధురవాణి, సిద్ధాంతి. విజయనగరంలో నడిచే మొదటి అంకం దాటితే, ఈ రెండు ఊళ్లవాళ్లూ చాలా నాటకం దాకా ఒకరి మొహం ఒకరు చూడరు. కరటకశాస్త్రి ఒక్కడే, శిష్యుణ్ణి వెంటేసుకుని, అక్కడా ఇక్కడా తిరుగుతాడు. ముప్పై ఏళ్లుగా ఈ నాటకం చదువుతున్నాను, దీంట్లో రిహార్సల్ షెడ్యూల్ దాగుందని ఇప్పుడే తెలిసింది.

కాబట్టి మంగళవారం కృష్ణరాయపురం, గురువారం రామచంద్రపురం. రెండు వారాలకొక ఆదివారం అందరూ. మంగళవారం ఏడుగురు, గురువారం ఎనిమిది మంది, పద్నాలుగు మంది ఆదివారాన్ని సగం చేస్తే ఏడు, మొత్తం 22. హద్దు దాటలేదు. ఏకాంకికల పన్నెండుతో కలిస్తే మాత్రం దాటుతుంది, అందుకే అవి అయ్యేదాకా కన్యాశుల్కం బ్లాకింగ్ (రంగం మీద ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎటు కదలాలి అన్నది) మొదలుపెట్టం. సెప్టెంబరు మధ్య నుంచి డిసెంబరు మధ్యకి పదమూడు వారాలు. కరటకశాస్త్రి వేషం మాత్రం వారానికి మూడు సాయంత్రాలు ఇవ్వగలిగే నలుగురిలో ఒకరికే ఇచ్చాం. బాగా నటించే ఇంకొకాయన ఉన్నారు, ఆయనకి వారానికి ఒక్కరోజే కుదురుతుంది. ఆయన సౌజన్యారావు పంతులు వేస్తున్నారు. ఇది ఆయనకి నచ్చలేదు.

కత్తిరింపుకి ఒకటే నియమం: తీసేయొచ్చు, ఒక్క మాట కూడా కొత్తగా కలపకూడదు. అర్థం కావేమోనని పాత మాటల్ని మార్చకూడదు కూడా. ఉత్తరాంధ్ర యాస విషయంలో నేను కాస్త పట్టు సడలించాను. మా నటుల్లో సగంమందిది ఆ ప్రాంతం కాదు. అరకొరగా అనుకరిస్తే వెక్కిరింతలా వినిపిస్తుంది. గురజాడ రాసిన మాటని రాసినట్టు పలికితే యాస చాలావరకు ఆ వాక్యంలోనే ఉంది. విడిగా పూయక్కర్లేదు.

రెండు గంటల ఇరవై నిమిషాలకి దింపాం. కోర్టు వ్యవహారం చాలావరకు పోయింది. మధురవాణి ఇంట్లో పేకాట ఉంచాం. కథ నడకకి అది అంత అవసరం కాకపోయినా, పోలిశెట్టి, భుక్త లాంటి చిన్న వేషాలవాళ్లకి ఊపిరాడే చోటు అది. బైరాగి వచ్చే సారాకొట్టు సీను తీసేశాం. దీని మీద జరిగిన యుద్ధం ముందు చెహోవ్ ద్వంద్వ యుద్ధం ఏ మూలకీ రాదు.

మధురవాణి వేషానికి మళ్లీ బయటి ఆర్టిస్టు మాట వచ్చింది. పెద్దవాళ్లలో ఒకరైతే మగవాళ్లే వేస్తే ఏం అన్నారు. స్త్రీ పాత్రలకే పేరుపడి 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు గారి పేరు తీశారు. ఆ స్థాయి మగవాణ్ణి చూపించండి, ఈ క్షణం వేషం ఇచ్చేస్తాం అన్నాను. 1885లో మొదలైన సురభివాళ్ల కుటుంబాల్లో ఆడవాళ్లు తరాలుగా రంగం ఎక్కుతుంటే, మన దగ్గర ఆరుగురు కూర్చుని ఉండగా ఈ చర్చ ఏమిటని మా కోశాధికారి ఒక్కమాటలో తేల్చేసింది. మధురవాణి, బుచ్చమ్మ, వెంకమ్మ, మీనాక్షి, పూటకూళ్లమ్మ: ఐదూ మావాళ్లే. ఆరో ఆవిడ మధురవాణికి రెండో మనిషి, సహాయ దర్శకురాలు కూడా. ఆడపిల్ల వేషం కట్టే శిష్యుడి పాత్రకి మా సభ్యుడి కూతుర్ని తీసుకున్నాం. ఆడపిల్ల మగపిల్లాడిగా నటిస్తూ, ఆ మగపిల్లాడు ఆడపిల్లగా నటించాలి. మొదటి రోజు ఆ అమ్మాయి ‘అంకుల్, ఇప్పుడు నేను ఎవర్ని?’ అని అడిగింది. నాకూ వెంటనే జవాబు తట్టలేదు.

రెండో మనిషి అన్నాను కదా. ఐదు ప్రధాన పాత్రలకి ఇంకొకరు తయారుగా ఉంటారు, వాళ్లకి నాటకంలో సొంతంగా ఒక చిన్న వేషమూ ఉంటుంది. ఊరికే స్టెప్నీలా కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు? శనివారం, ఆదివారం రెండు ఆటల్లో ఒకటి ఖాయంగా వాళ్లదే అని ముందే రాసిచ్చాం. గిరీశం వేసే అతను దీనికి ఒప్పుకోక సమాజం వదిలేస్తానన్నాడు, వదిలేశాడు కూడా. పదిహేను రోజులు నిద్రపట్టలేదు. ఇప్పుడు గిరీశాలు ఇద్దరూ కొత్తవాళ్లే, ఇద్దరికీ వెంకటేశంతో సీను ఇంకా అతుక్కోలేదు. టెన్షన్ అంతా అక్కడే.

ఏప్రిల్ నాటకం, హాలు, సెట్

నాలుగో తెర ఒక సమకాలీన నాటకం. అమ్మ ఇల్లు అమ్మాలా వద్దా అని ముగ్గురు అక్కచెల్లెళ్ల మధ్య నడుస్తుంది. ఐదు పాత్రలు, ఒకటే సెట్. రచయిత అనుమతి కాగితం మీద తీసుకున్నాం. ఎన్ని ఆటలు, ఏ తేదీలు, వీడియో తీసి నెట్‌లో పెట్టొచ్చా లేదా అన్నీ రాసుకున్నాం. వీడియోకి ఆయన ఒప్పుకోలేదు. రెండో రంగంలో ఆరు నిమిషాలు తగ్గిస్తామంటే దానికీ ఒప్పుకోలేదు. ఆ ఆరు నిమిషాలు అనవసరమనే నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అయినా అలాగే ఆడతాం, నాటకం ఆయనది.

పోయినసారి హాలువాళ్లు వారం ముందు మా తేదీ ఇంకొకరికి ఇచ్చేశారు. ఈసారి ప్రతి ఆటకీ రెండు తేదీలు రాయించాం, రెండోది వదులుకునే గడువుతో సహా. సెట్ కోసం ఆరు ఫ్లాట్లు (గోడల్లా నిలబెట్టే చట్రాలు), రెండు ద్వారబంధాలు, మూడు ఎత్తుల ప్లాట్‌ఫారాలు చేయించాం. సీజన్ అంతా వాటితోనే. రష్యన్ భూస్వామి గుమ్మమే లుబ్ధావధాన్లు గుమ్మం అవుతుంది, రంగు మారుతుందంతే. లైట్లు కూడా సెప్టెంబరులో కట్టిన చోటు నుంచి ఏప్రిల్ దాకా కదిలించకుండా ఉండేలా ప్లాన్ గీశాం. లైట్ల కుర్రాడు మొదట మొహం ముడుచుకున్నాడు. గ్రాండ్ రిహార్సల్ రోజు అర్ధరాత్రి దాకా నిచ్చెన మీద ఉండక్కర్లేదని తెలిశాక సరేనన్నాడు.

ఫిబ్రవరి

మిగిలింది ఫిబ్రవరి. పరీక్షల నెల, పిల్లలు రారు, పిల్లలున్న తల్లులూ రారు. మొదట అది ఖాళీగా వదిలేద్దామనే అనుకున్నాం.

కంఠతా ఎన్ని పేజీలు పట్టగలరని అడిగితే కోపం వచ్చిందన్నాను కదా, ఆయన మాస్టారు. మా సమాజం పుట్టినప్పటి నుంచీ ఉన్నారు. రెండేళ్ల క్రితం రంగం మీద మాట మర్చిపోయి నిలబడిపోయారు. అప్పటి నుంచి ఎవరూ వేషం ఇవ్వలేదు, ఆయనా అడగలేదు. సారాకొట్టు సీను కోసం అందరికంటే గట్టిగా పోట్లాడింది ఆయనే. ఒకప్పుడు బైరాగి వేశారట. ‘తీసెయ్యి నాయనా, తీసెయ్యి. గురజాడ ఏదో పొద్దుపోక రాశాడు’ అని లేచి వెళ్లిపోయారు.

ఆ రాత్రే అనిపించింది. డిసెంబరు నాటకంలోంచి తీసేసిన సీన్లన్నీ ఫిబ్రవరిలో ఒక సాయంత్రం చదివితే? సెట్ లేదు, మేకప్ లేదు, కదలికలు లేవు. కుర్చీలు, స్టాండ్లు, చేతిలో స్క్రిప్ట్. మూడే రిహార్సల్స్. రంగం మీద నిలబడలేని పెద్దవాళ్లు, డైలాగు పట్టలేనివాళ్లు, వారానికి ఒక్క సాయంత్రమే ఉన్నవాళ్లు, అందరికీ చోటుంటుంది. పాస్ ఉన్నవాళ్లు అదనంగా కట్టేదేమీ లేదు. డిసెంబరులో చూసినవాళ్లకి ఏం పోయిందో తెలుస్తుంది, నా కత్తిరింపుల మీద తిట్లూ అక్కడే పడతాయి. కమిటీ ఒప్పుకుంది, ఒకరిద్దరు ‘చదవడాన్ని నాటకం అంటారా’ అన్నారు. అనరు. పోస్టర్ మీద ‘పఠనం’ అనే వేస్తున్నాం.

మాస్టారి ఇంటికి వెళ్లి చెప్పాను. బైరాగి మీరే, కాగితం చేతిలో పెట్టుకుని చదవొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు అన్నాను. ఆయన ఏమీ అనలేదు, స్క్రిప్ట్ తీసుకుని కళ్లజోడు వెతుక్కున్నారు.

అది జూన్‌లో. ఇది ఆగస్టు, ఏకాంకికలకి ఇంకా ఐదు వారాలుంది. మొన్న రిహార్సల్ అయ్యాక తాళం వేద్దామని వెనక్కి వెళ్తే, ఖాళీ గదిలో మాస్టారు ప్రాంప్టర్‌ని కుర్చీలో కూర్చోబెట్టి ఆ సీను చెబుతున్నారు. స్క్రిప్ట్ ప్రాంప్టర్ ఒళ్లో ఉంది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నంతసేపూ అతనికి మాట అందించాల్సిన పని పడలేదు.